వనజ పుట్టువెంట్రుకలు

బాగేపల్లి బజారులో అంజనమ్మకు జంకని శెనక్కాయల వ్యాపారి లేడు. ఆమె ఎవరినీ తిట్టేది కాదు. అడగవలసింది ముఖం మీదే అడిగి, జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు, అంతే. మొగుడు చిన్నప్ప మెత్తని మనిషి. దుకాణంలో త్రాసు ముందు కూర్చుని ఎవరేమన్నా తలూపేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఎవరైనా జాలిపడబోతే అంజనమ్మ వాళ్ళ చేతికి చేట ఇచ్చి శెనక్కాయలు చెరగమనేది.

నలభై రెండులో జెండాలు పట్టుకుని తిరిగారని చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళను బెంగళూరు జైల్లో పెట్టారు. వెనక వాళ్ళ ఇళ్ళల్లో కొన్నింటిలో పొయ్యి వెలగలేదు. అంజనమ్మ కొంగు నడుముకు బిగించి బజారు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ప్రతి గడపా ఎక్కింది.

"మీ ఇంట్లో ఒక ముద్ద ఎక్కువ చేసేదానికి రాగులు లేవా? లేవని చెప్పండి, పోతాను."

ఆమె మొహం చూస్తూ లేవని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అట్లా ఐదారిళ్ళవాళ్ళు తలా ఒక బిడ్డను తెచ్చుకున్నారు, తల్లో తండ్రో తేరుకునేదాకా. అందరికీ అంజనమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటే. ఉంచుకున్న ఆడది ఆ బిడ్డకు అత్త. అమ్మ కాదు. బిడ్డ నోరు జారి అమ్మా అన్నా సరిదిద్దాలి.

ఆమె వంతుకు గుడిబండె పిల్ల వనజ వచ్చింది. అప్పటికి ఇంకా తప్పటడుగులే. తండ్రి రామకృష్ణప్ప జైల్లో ఉన్నాడు. తల్లి జయలక్ష్మమ్మకు క్షయ. మైసూరు ఆసుపత్రికి పోయే ముందు తమ్ముడితో వచ్చి, అతని చేత బిడ్డను దింపించింది. బిడ్డకు అంటుకుంటుందేమోనని తాను బండి దిగలేదు. దూరం నుంచే చెప్పింది.

"దీని పుట్టెంట్రుకలు కదిరి నరసింహసామికి మొక్కుకోనుండాము అమ్మా. నేనొచ్చినాక తీయిస్తాను."

"నువ్వు రా. అంతవరకు కత్తి పడనియ్యను," అంది అంజనమ్మ.

ఆ మాట చిన్నది కాదు. పుట్టువెంట్రుకలు ఏ ఇంటి దేవుడికి ఇస్తే బిడ్డ ఆ ఇంటిదని ఆ వైపు అందరికీ తెలుసు. దత్తతకు కూడా అదే మొదటి మెట్టు.

జుట్టు పెరిగింది. దువ్వెన దిగేది కాదు, పేలు చేరాయి, నూనె పెట్టి చిక్కు తీస్తుంటే పిల్ల బజారంతా వినబడేలా ఏడ్చేది. "సన్యాసిని పెంచుతాండావా ఏమి అంజనమ్మా?" అని ఇరుగుపొరుగు వేళాకోళం చేస్తే, "అవును, నీకు దీక్ష ఇప్పిస్తాను రా," అనేది.

పిల్ల ఒకరోజు ముద్ద తింటూ తింటూ "అమ్మా" అంది. "అత్త," అంది అంజనమ్మ. పిల్ల మళ్ళీ అమ్మా అంది. "అత్త అను." అత్తా అన్నాకే ముద్ద నోట్లో పెట్టింది. ఆ తర్వాత తన కంచంలోది తినలేకపోయింది. ఆ పిల్ల తనదైతే బాగుండునని ఆమెకు లేకపోలేదు. ఉంది. ఎంత ఉందంటే, దాన్ని చూసి తనకే భయం వేసేది.

చిన్నప్ప అన్న ఆదినారాయణప్ప ఇంటి పెద్ద. చెడ్డవాడేం కాదు, తమ్ముడి ఇల్లు బోసిగా ఉందని నిజంగానే బాధపడేవాడు. "ఆ తల్లి బతికొస్తుందని ఏమి నమ్మకం రా? తండ్రిని ఎప్పుడు ఇడుస్తారో ఆ దొరలకే తెలీదు. పిల్లకు మూడో ఏడు దాటిపోతాండాది. మన ఇంటి దేవత చౌడమ్మకు ఎంట్రుకలిస్తే పిల్ల మనదయిపోతుంది," అన్నాడు. చిన్నప్ప అలవాటుగా తలూపాడు. ఆ తలూపుడే సమ్మతమనుకున్నాడు పెద్దాయన.

చౌడమ్మ జాతర నాడు అంజనమ్మ నీళ్ళకు పోయి వచ్చేసరికి వాకిట్లో పీట, పసుపు నీళ్ళు, వనజను ఒళ్ళో పెట్టుకున్న ఆదినారాయణప్ప, కత్తి నూరుతున్న మంగలి పిళ్ళప్ప కనిపించారు.

ఆమె బావగారి ఎదుట ఏనాడూ నిలబడి మాట్లాడలేదు. చెప్పవలసింది తలుపు చాటు నుంచి మొగుడితో చెప్పించేది. ఆ రోజు బిందె దించి, నేరుగా వాకిట్లోకి నడిచి, పిల్లను ఆయన ఒళ్ళోంచి ఎత్తుకుంది.

"పిళ్ళప్పా, కత్తి మడిచెయ్."

"పెద్దాయన చెప్పినాడమ్మా..."

"అయితే పెద్దాయన గడ్డం గీసి పో."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆదినారాయణప్ప మొహం ఎర్రబడింది. "నీ కోసమే కదమ్మా చేస్తాండేది! నీకు బిడ్డ వద్దా?"

"కావాల బావా. ఎంత కావాలో మీకు తెలీదు. అయినా ఇది ఇంకొకామె బిడ్డ. యాడో ఆసుపత్రిలో ఆమె ఊపిరి పట్టుకోనుండేది ఈ ఎంట్రుకలు తీయించాలనే."

"ఆమె రాకపోతే?"

"నేనే ఎత్తుకోని కదిరికి పోతాను. చౌడమ్మకు మాత్రం ఇయ్యను. అమ్మవారు కూడా తల్లే కదా, దొంగ సొత్తు ఎట్ల తీసుకుంటుంది?"

పెద్దాయన తమ్ముడి వైపు చూశాడు. చిన్నప్ప ఎప్పటిలాగే తలూపాడు, కానీ పెళ్ళాం వైపు చూస్తూ. ఆ రోజు నుంచి ఆదినారాయణప్ప ఆ గడప తొక్కలేదు.

మరుసటి ఏడు శెనక్కాయల కోత అయ్యాక గుడిబండె బండి వచ్చింది. విడుదలైన రామకృష్ణప్ప, అతని పక్కన జయలక్ష్మమ్మ. చిక్కిపోయింది, కానీ దగ్గు లేదు. వనజ అంజనమ్మ చీర కుచ్చిళ్ళలో దాక్కుంది. జయలక్ష్మమ్మ వంగి బిడ్డ జడ పట్టుకుంది, ఒక్క వెంట్రుక తెగని జడ.

బండి ఎక్కించేటప్పుడు పిల్ల రెండు చేతులూ అంజనమ్మ వైపు చాచి "అమ్మా! అమ్మా!" అని కేకలు పెట్టింది. అంజనమ్మ గడప దిగలేదు.

"అమ్మ యాడుండాది? నిన్ను ఎత్తుకోనుండేది ఎవరు? చూడు!" అని గట్టిగా అరిచింది.

బండి మలుపు తిరిగాక అరుగు మీద కూలబడి, బజారంతా వింటున్నా లెక్కచేయకుండా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆదినారాయణప్ప వచ్చాడు.

"చూసినావా? ఆ పొద్దు నా మాట వినుంటే ఈ ఏడుపుండేదా?"

అంజనమ్మ కళ్ళు తుడుచుకోలేదు.

"ఉండేది బావా. ఆమె ఏడ్చుండేది. దానికంటే నేనేడ్చేదే మేలు," అని లేచి నిలబడింది. "పక్కకు జరగండి. చింతామణి నుంచి ఇద్దరు పిల్లోళ్ళొస్తాండారు, గది ఊడ్చాల."