ముందు పేరు చదవాలి

సోమవారం పొద్దున్న మా ఎదురింటి మావయ్య పోయారు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారని వాళ్ళ కోడలు కేకేసింది. అప్పుడు నేను అమ్మ హాస్పిటల్ ఫైలు సర్దుతున్నాను. గురువారం చూపించుకోవాలి. ఆయనే తోడు రావాలి.

హిందీ మాట్లాడే ఈ బారిడీహ్‌లో మా వీధికంతా ఆయన ‘ఫిల్మ్ మావయ్య’. సినిమాలతో సంబంధం లేదు. కార్ఖానాలో పైపుల వెల్డింగుకి ఎక్స్‌రే తీసి, లోపల పగుళ్ళున్నాయేమో చూసే పని చేసి రిటైరయ్యారు. ఫిల్మ్ తీయమని ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేవారట: “తేడా వత్తే కోత్తావా?” జాయింటు కోసి మళ్ళీ అతికే ఉద్దేశం లేకపోతే మిషను ముట్టేవారు కాదు.

అమ్మకి రొమ్ము క్యాన్సర్ వైద్యం పూర్తయ్యాక, ఏ బాధా లేకపోయినా ఒళ్ళంతా స్కాన్ తీయించాలని నేను పట్టుబట్టాను. దొరికిందల్లా చదివి భయపడుతున్న రోజులవి. ఇంట్లో అందరూ ఖర్చు గురించే మాట్లాడారు. మావయ్య మాత్రం మాతో డాక్టరు గదిలోకి వచ్చి, “ఖరాబీ దిఖా తో కాటియేగా?” అనేశారు, తేడా కనబడితే కోస్తారా అని తన హిందీలో. డాక్టరమ్మ ఉలిక్కిపడింది. నేను నేలచూపులు చూశాను. అమ్మ పడీ పడీ నవ్వింది. “అన్నయ్యా, నేను పైపుని కాను!”

సంగతి అర్థమయ్యాక డాక్టరమ్మా నవ్వింది. బాధలేవీ లేనప్పుడు ఆ స్కాన్‌తో వైద్యమేమీ మారదంది. ఉత్త మచ్చ కనబడినా సూది గుచ్చి చూడాల్సి రావచ్చంది. ఏడాదికోసారి రొమ్ము ఎక్స్‌రే చాలంది.

“ఏటే పిల్లా, నీ బయ్యం తగ్గడానికి మీ అమ్మని మిషన్లోకి తోత్తావేటి?” అన్నారు మావయ్య బయటికొచ్చాక.

“నహీఁ మామా,” అన్నాను. ఆయన తెలుగుకి నా జవాబెప్పుడూ హిందీయే. కోపమూ వచ్చింది. స్కాన్ మానేశాం గానీ, ఆయన మాట పొరపాటైతే? ఆ దిగులు నన్నింకా వదల్లేదు.

ఫిల్మ్ ఎలా చూడాలో ఆయనే నేర్పారు. కిటికీకి ఎత్తిపట్టి ముందు అంచున ఉన్న నంబరు, అంటే ఆ జాయింటు పేరు, చదివేవారు. చేరిన కొత్తలో ఒకసారి నంబరు చూడక, మంచి జాయింటుని కోయించేశారట. “ముందు పేరు సదువు. మచ్చ ఎక్కడికీ పోదు,” అనేవారు. అమ్మ ఎక్స్‌రేలనీ అలాగే చూసేవారు.

గురువారం అమ్మా నేనే వెళ్ళాం. నెల రోజులుగా నడుం నొప్పని అమ్మ అక్కడ బయటపెట్టింది. డాక్టరమ్మ ఎముకల స్కాన్ రాసింది. కాన్వెంటు బళ్ళో సిస్టర్లు అడిగితే తప్ప నోరు విప్పని అలవాటు నాది. అయినా అడిగాను, “తేడా వస్తే ఏం మారుస్తారు?”

ఈసారి ఆవిడ నవ్వలేదు. “మందు మారుస్తాం. ఎముక విరగకుండా జాగ్రత్తపడతాం.”

అయితే తీయించాల్సిందే. మావయ్య ఉన్నా అదే అనేవారు.

ఇవాళ ఫిల్మ్ ఇచ్చారు. రిపోర్టు రేపు. ఎదురింటి గుమ్మం ఖాళీగా ఉంది. కిటికీకి ఎత్తిపట్టాను. అంచున అమ్మ పేరు, వయసు. సరిగ్గానే ఉన్నాయి.

మచ్చల వైపు చూడకుండా, పేరే మళ్ళీ చదువుతున్నాను.