టీవీ మూలలో ఆ చేతులు

“పిలిస్తే పలకడం లేదక్కా” అనింది ఫోన్లో మా పక్కంగడి ఇస్త్రీ ఆయమ్మ.

నేనప్పుడు పెనుకొండలో ఉన్నా. పెండ్లివాళ్ళ జాకెట్లు ఇచ్చేదానికి పోయింటి. నాకు ఒళ్ళు మండింది. “మా అత్త ఎప్పుడు పలికింది మే? పుట్టినప్పట్నించీ చెవులు వినపడవు కదా. భుజం తట్టు” అని కసిరినా. మళ్ళా మెల్లగా అనింది, “తట్టినానక్కా” అని.

మా అత్త పోయిందని నాకు అట్ల తెలిసింది. హిందూపురంలో మా కుట్టు అంగట్లో, టీవీకి ఎదురుగా ఉండే ఆమె కుర్చీలోనే, హెమ్మింగ్ చెయ్యాల్సిన జాకెట్టు ఒళ్ళో పెట్టుకోనే పోయింది. ఇంకా నెల కూడా కాలేదు. ఆమెని గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నా. రాయడం నాకు చేతకాదు, కత్తెర పట్టే చెయ్యి ఇది. కానీ నేను రాయకపోతే ఆమెని గురించి రాసేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఏం మాట్లాడేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అత్త మా నాయనకి అక్క. మా ఊరు బుక్కపట్నం చెరువు కింద. చిన్నప్పుడు అక్కాతమ్ముడూ ఆడుకుంటా ఆడుకుంటా చేతులతో ఒక భాష కట్టుకున్నారు. రెండు చేతులూ గుండ్రంగా చాపి వేళ్ళాడిస్తే చెరువు. ముద్ద చుట్టినట్లు చేస్తే సంగటి. మీసం దువ్వితే మా తాత. ముక్కు పట్టుకుంటే ఎవరో చెప్పను, ఆ చుట్టం ఇంకా బతికే ఉండాడు. ఆమె బడికి పోలేదు. అట్లాంటి పిల్లలకి బడి ఉంటాదని కూడా మావాళ్ళకి తెల్దు. మా అమ్మకీ, ఊర్లో ఉండే మా చిన్నత్తకీ ఆ భాష సగమే వచ్చు. నాకు నాయన నుంచి వచ్చింది. నాయన పోయినాక అది తెలిసినోళ్ళం ఇద్దరమే మిగిలినాం, అత్తా నేనూ. నా మొగుడు పోయి నేను హిందూపురంలో అంగడి పెట్టుకుంటే, గుడ్డల మూట ఒకటి చంకన పెట్టుకోని వచ్చేసింది. నేను రమ్మని పిలవను కూడా లేదు.

ఆమెకి పెండ్లి కాలేదు. చెవిటిపిల్లని ఎవరు చేసుకుంటారని ఇంట్లో అనేవాళ్ళు. నేను ఒకసారి ఆమెనే అడిగినా. “వచ్చినోళ్ళు నాకు నచ్చలేదు” అని చేత్తో ఈగని తోలినట్లు తోలేసింది. మనలాగ మాట్లాడేవాళ్ళని చూస్తే ఆమెకి జాలి. “పాపం, అంత మంచి చేతులు ఊరికే వేలాడదీసుకోని తిరుగుతారు” అనేది. టీవీలో అరిచే యాంకర్ని చూసి, “ఆయప్పకి పన్నునొప్పా?” అని అడిగేది. కాదు అత్తా, అది చర్చ అని నేను చెప్పేదాన్ని. మర్నాడు మళ్ళా అడిగేది.

ఇంగ ఆ టీవీ సంగతి చెప్పాల. వార్తల్లో కింద మూలన చిన్న పెట్టెలో ఒకామె నిలబడి చేతులతో వార్తలు చెప్తాది. మీరూ చూసింటారు. మీలో శానామంది విసుక్కోని ఉంటారు కూడా. అత్త ఆమెని మొదటిసారి చూసినప్పుడు సూది గుచ్చింది గుచ్చినట్లే వదిలేసి లేచింది. టీవీ దగ్గరికి పోయి, ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినట్లు దండం పెట్టింది. ఆ టీవీ భాష వేరే, మా భాష వేరే. అత్తకి ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా వదల్లేదు. సీరియల్ చూసినట్లు రోజూ చూసి చూసి కొన్ని మాటలు పట్టింది. వాన, ఓటు, బస్సు. పాతది, జరిగిపోయింది అనేదానికి ఆ మూలాయమ్మ చెయ్యి భుజం మీదుగా ఎనక్కి విసురుతాది. మా భాషలో కూడా అంతే! అది కనిపెట్టినప్పుడు అత్త నన్ను తట్టి తట్టి నా భుజం వాచిపోయింది.

ఆమెకి ఉండింది ఒకటే ఆశ. లోకంలో ఏం జరుగుతాండాదో ఎవర్నీ అడక్కుండా తెలుసుకోవాల. నేను చెప్తాండా కదా అత్తా అంటే, “నువ్వు నీకు నచ్చినవే చెప్తావు” అనేది. అదీ నిజమే. హత్యలూ యాక్సిడెంట్లూ నేను మింగేసేదాన్ని. మొగాలు చదవడంలో ఆమెని మించినోళ్ళు లేరు, నేను మింగినట్లు ఆమెకి తెలిసిపోయేది.

కానీ ఆ చిన్న పెట్టెని వాళ్ళు ఉండనిస్తేనే కదా! ఎర్ర పట్టీ ఒకటి వచ్చి ఆ తల్లిని మోచేతుల దాకా మింగేస్తాది, బ్రేకింగ్ న్యూస్ అంట. దాని నెత్తిన పచ్చ పట్టీ, బంగారం ధర. పక్కనించి మోకాళ్ళ నొప్పుల నూనె సీసా జరుక్కుంటా వచ్చి ఆమె మొగం ముందర నిలబడతాది. ఇంగ మిగిలేది భుజాలు. భుజాలతో ఏం చెప్తాది ఎవరైనా? అది చాలదన్నట్లు మా టీవీలో ఎవరో బొమ్మని పెద్దది చేసే బటన్ నొక్కి పెట్టినారు. ఆమె చెయ్యి ఒకటి ఎప్పుడూ తెర అవతలే ఉండేది. అత్త టీవీ పక్కకి వంగి చూసేది, ఆ చెయ్యి ఆడ ఏమన్నా దొరుకుతాదేమోనని. నేను రిమోట్ అంతా కెలికి కెలికి సరిచేసినా. చెయ్యి తిరిగొచ్చిన సంబరానికి అత్త నాకు మిరపకాయ బజ్జీలు తెప్పించింది.

అంగడికి వచ్చేవాళ్ళ బాధ వేరే. పెండ్లాం జాకెట్టు కోసం వచ్చి కూర్చున్న ఒకాయప్ప వార్తల్లో మ్యాచ్ సంగతి చూస్తా, “ఏమక్కా, ఆ చేతులూపే ఆయమ్మని తీసేసే బటన్ లేదా? స్కోరు కనపళ్ళేదు” అన్నాడు.

“ఉండాదప్పా. ఆ వాకిలి దాటు, ఆయమ్మా ఉండదు, మ్యాచూ ఉండదు” అన్నా.

అత్త ఆయప్ప మొగం చూసింది, నా మొగం చూసింది. లేచిపోయి నడుం మీద చేతులు పెట్టుకోని టీవీకి అడ్డంగా నిలబడింది. “ఇప్పుడు స్కోరెంతో అడుగు” అనింది నాతో. నేను అడిగినా. పాపం ఆయప్ప నవ్వేసినాడు, మళ్ళా ఆ మాట ఎత్తలేదు.

ఛానల్ వాళ్ళకి కూడా ఫోన్ చేసినా. ఎవరో పాప ఎత్తింది. “అమ్మా, ఆ చేతులు కనపడకపోతే ఆమెని ఆడ నిలబెట్టేది ఎందుకు?” అని అడిగినా. “మీ ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకున్నాం మేడం” అనింది. మర్నాడు చూస్తే పట్టీ ఇంకా లావైంది. కేబులాయప్పని నిలదీస్తే, “అది పైనించి వస్తాండాదక్కా, నేనేం చేసేది” అన్నాడు. అందరికీ పైనించే వస్తాది. నా ఖర్మ, అత్తకి జవాబు చెప్పాల్సింది నేనే.

పోయిన వానాకాలం ఏమైందంటే, నేను గుడ్డలకని బజారుకి పోయింటి. తిరిగొస్తే అత్త లేదు. చీర మార్చుకోని, చెప్పులేసుకోని పోయింది. టీవీ ఆడతానే ఉండాది. చెరువులు తెగి ఊర్లలోకి నీళ్ళొచ్చిన బొమ్మలు మళ్ళా మళ్ళా చూపిస్తాండారు. కంటికి ఆనని అక్షరాల్తో ఒక మూల పాత దృశ్యాలు అని రాసుండాది. అత్తకి చదువు రాదు. మూలాయమ్మ చెయ్యి భుజం మీదుగా ఎనక్కి విసిరే ఉంటాది, అది పాతదమ్మా, భయం లేదు అని చెప్పే ఉంటాది. ఆ చేతుల మీద ఎర్ర పట్టీ పరిగెత్తుతాండాది. అత్త మా చెరువే తెగిందనుకోని, చెల్లెలు ఉండే ఊరికని బయల్దేరిపోయింది. బుక్కపట్నంలో మా చిన్నత్త ఉండాది, ఫోన్ చేస్తే చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు మరువ మీదుగా పారుతాండాయి, చూసేదానికి జనం తిరునాళ్ళ మాదిరి వచ్చినారు అని సంతోషంగా చెప్పింది. అత్త మాత్రం ఆడికి రాలేదంట.

నేను ఎన్ని బస్సులెక్కి దిగినానో నాకే తెల్దు. ఆఖరికి పెనుకొండ బస్టాండులో కనపడింది. ఎదురొచ్చినోళ్ళకంతా రెండు చేతులూ గుండ్రంగా చాపి వేళ్ళాడిస్తాండాది. చెరువు, చెరువు, చెరువు. ఎవరికి అర్థమైతాది? ఆకలేమోనని ఎవరో బన్నూ టీ ఇచ్చిపోయినారు. టీ చల్లారిపోయి పక్కనుండాది. నన్ను చూసి ఏడుస్తాదనుకున్నా. ఏడవలేదు, మండిపడింది. “వాళ్ళు ఆమె చేతులు కప్పేస్తే నాకెట్ల తెలుస్తాది? నేనేం పిచ్చిదాన్నా?” అనింది. బస్టాండంతా మమ్మల్నే చూస్తాండాది. ఏడిచింది నేను. కోపంతోనా, బతికిపోయినాను దేవుడా అనా, ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాతే నేను ఆమెని ధర్మవరం తీసకపోయినా. కుచ్చులు వేసేదానికి నేను చీరలు తెచ్చుకునే ఒక నేతవాళ్ళింట్లో కోడలికి చెవులు వినపడవు. చెవిటిపిల్లల బడిలో చదువుకున్న పిల్ల, టీవీ భాష గలగలా మాట్లాడతాది. ఆ పిల్ల మగ్గం గుంటలోంచి లేచొచ్చి చేతులెత్తగానే అత్త నా మోచెయ్యి గిల్లింది, “మూలాయమ్మ భాష! పట్టీ లేకుండా!” అని. ఇంగ ఆదివారమొస్తే రైలెక్కడమే. పాసింజర్లో హిందూపురంలో ఎక్కితే పెనుకొండ దాటేదాకా గమ్మున చెనిక్కాయలు తినేది, ఆ తర్వాత పాఠాలు అప్పజెప్పేది. ముసలి చేతులు కదా, వేళ్ళు తొందరగా వంగేవి కావు. ఆ పిల్ల పడీపడీ నవ్వేది, అత్త కూడా నవ్వేది.

విచిత్రమేమంటే, పోనుపోను అత్త నేర్చుకోవడం తగ్గించి నన్ను ముందుకి తోసేది. నేను తప్పు చేస్తే నా చెయ్యి మీద ఒకటేసేది. ఒకరోజు రైల్లో నాకు విసుగొచ్చింది. “నాకెందుకత్తా ఇది? నాకు చెవులుండాయి, నోరుండాది, హిందూపురమంతా నాతో మాట్లాడతాది” అన్నా.

ఆమె కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళా నా తట్టు తిరిగింది. తనని చూపించుకునింది. చెయ్యి ఆకాశం పక్కకి పోనిచ్చింది. తర్వాత నన్ను చూపించి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒళ్ళో పడేసింది. ఇట్ల పడుంటాయి నీ చేతులు, నేను పోతే, అని. నేను నవ్వి, పో అత్తా అని తోసేసినా. అన్నాళ్ళూ ఆమె కోసం ఆ రైలెక్కుతాండాం అనుకున్నా నేను. ఆమె నా కోసం ఎక్కుతాండింది.

ఇప్పుడు తెలుస్తాంది. దినాలకి వచ్చిన చుట్టాలంతా, పాపం మాటలేని మనిషి, గమ్మున బతికి గమ్మున పోయింది అన్నారు. నాకు అరవాలనిపించింది. మా ఇంట్లో ఆమె అంత వాగుడుకాయ ఇంకోటి లేదు! పొద్దున లేస్తే ఎదురింటోళ్ళ ముగ్గు కాణ్ణించి ముఖ్యమంత్రి చొక్కా దాకా ఆమె అనని మాట లేదు. ఇప్పుడు అంగట్లో పొద్దస్తమానం మాటలే. చెయ్యి పొట్టి చెయ్యక్కా, మెడ కిందికి దించక్కా, రేపిస్తావా ఎల్లుండిస్తావా. అన్నిటికీ నోరు జవాబు చెప్తాది. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు చూసుకుంటే, పొద్దుట్నించీ నా చేతులు ఒక్క మాట మాట్లాడింటే ఒట్టు. టీవీలో ఏమన్నా వింత కనపడితే కుర్చీ తట్టు చెయ్యి లేస్తాది. ఆ లేచిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలీక జుట్టు సవరించుకుంటా.

పోయిన ఆదివారం ఒక్కదాన్నే ధర్మవరం పోయినా. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళత్తకి ఫోన్ చేసి చెప్పించొచ్చు, మనసొప్పలేదు. నన్ను చూస్తానే మగ్గంలోంచి నవ్వి, నా ఎనక వాకిలి తట్టు చూసింది, ఆమె యాడ అని. అత్తకి ఆ పిల్ల పెట్టుకున్న పేరు ఒకటుండాది, సూదిలోకి దారం ఎక్కించినట్లు చేస్తాది. నేను సూదిలోకి దారం ఎక్కించినా. తర్వాత చనిపోయింది అనే మాట చేసినా. ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు. వార్తల్లో రోజూ వచ్చే మాట అది, చూసి చూసి వచ్చేసింది. ఎవరి సాయమూ లేకుండా ఆ భాషలో నేను చెప్పిన మొదటి మాట అదే.

తప్పుగా చేసినానేమో, అర్థం కాలేదేమో అని మళ్ళా చెయ్యబోయినా. ఆ పిల్ల గబగబా మగ్గం గుంటలోంచి ఎక్కొచ్చి నా రెండు చేతులూ తన రెండు చేతుల్లోకి తీసుకునింది. గట్టిగా పట్టుకునింది. అట్ల పట్టుకుంటే ఇంగ తనూ ఏమీ చెప్పలేదు, నేనూ ఏమీ చెప్పలేను. పక్కిండ్లలో మగ్గాలు ఆడతానే ఉండాయి. మేమిద్దరం అట్లే నిలబడి ఉండిపోయినాం.