మట్టి వైపు పంపిన పిల్లలు

కాలేజీలో ఆమెను అందరూ రెండో మేడమ్ అనేవారు. మొదటి మేడమ్ అంటూ ఎవరూ లేరు. మొదటి సంవత్సరం చదివే ప్రతి విద్యార్థినీ ఆమె ఎప్పుడో ఒకప్పుడు తన గదికి పిలిచి, "అది వస్తే మంచిదే. రాకపోతే రెండోది ఏమిటి?" అని అడిగేది. ఆ ప్రశ్నే ఆమెకు పేరై కూర్చుంది. ఎదురుగా ఎవరూ అనేవారు కారు గానీ ఆమెకు తెలుసు. తెలిసినా తెలియనట్టే ఊరుకునేది.

ఏ సబ్జెక్టు ప్రధానంగా తీసుకోవాలో పిల్లలకు సలహా చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ కాలేజీలో మొదటి ఏడాది అందరూ కలిసి చదువుతారు. రెండో ఏడాది ఎవరి దారి వారిది. నర్సింగుకూ ఫిజియోథెరపీకీ అందరూ ఎగబడతారు, సీట్లేమో గుప్పెడు. రానివాళ్లు ఏం చేయాలో తోచక దొరికినదాంట్లో చేరిపోతారు, లేదా ఇంటికి పోతారు.

ఆమె ఎవరితోనూ "నీకు రాదు" అనేది కాదు. అందులో నీకు నచ్చిందేమిటి అని అడిగేది. ఒకడు నర్సింగులో తెల్లబట్టలు నచ్చాయన్నాడు. "ఉతికేది ఎవరు?" అందామె. వాడు నవ్వాడు, తర్వాత నిజంగా ఆలోచించడం మొదలుపెట్టాడు. ఏ రెండు చదువులకు ఏ పాఠాలు ఉమ్మడిగా పనికొస్తాయో ఆమెకు కంఠతా వచ్చు. మొదటిది పోయినా ఏడాది వృథా కాకుండా రెండోదానికి కావలసిన కెమిస్ట్రీ, గణితం ముందే చదివించేది.

ఈ పని మీద ఆమెకు అంత పట్టుదల ఎందుకో ఇంట్లో ఉన్న అన్నను చూస్తే తెలుస్తుంది. ఆయన విమానం నడపాలనుకున్నాడు. కళ్ల పరీక్షలో రంగుల తేడా తెలియలేదని పంపేశారు. ఆ తర్వాత ఏ పనీ ఆయనకు పనిలా అనిపించలేదు. పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. తల్లిదండ్రులు పోయాక అన్నాచెల్లెళ్లిద్దరే ఆ మూడు గదుల ఇంట్లో మిగిలారు.

ఆ ఏడాది ఆమె గదికి వచ్చిన పిల్లల్లో నిచ్చెన ఒకతె. మనిషి మరీ పొడుగు కావడంతో తోటివాళ్లు పెట్టిన పేరు అది. తండ్రి రేవులో క్రేను నడుపుతాడు. నడుం నొప్పితో ఆయన రోజూ పడే బాధ చూసి, ఫిజియోథెరపీ తప్ప వేరే చదవనని పట్టుబట్టి వచ్చింది.

"రెండోది రాసుకుంటే మొదటిది రాదని మా నాన్న నమ్మకం మేడమ్," అంది కుర్చీ అంచున కూర్చుని.

"మీ నాన్న క్రేను ఎక్కేటప్పుడు నడుముకి బెల్టు పెట్టుకుంటారా?"

"పెట్టుకుంటారు."

"పడిపోతాననా?"

నిచ్చెన తల దించుకుని నవ్వింది. ఇంకాసేపు మాట్లాడాక నేలల శాస్త్రం రెండోదిగా పెట్టుకుంది. కాలేజీలో దాన్ని మట్టి విభాగం అంటారు. పొలాలకూ రోడ్లకూ వంతెనలకూ మట్టిని పరీక్షించే చదువు. చదివినవాళ్లెవరూ ఖాళీగా లేరని రెండో మేడమ్‌కు తెలుసు. అందుకే ఎందరినో అటు పంపింది. నిచ్చెనను తానే వెంటబెట్టుకుని ల్యాబుకు తీసుకువెళ్లింది. ఆ విభాగాన్ని ఏళ్ల తరబడి నడుపుతున్న మట్టి మాస్టారు అమ్మాయి అరచేతిలో తడిమట్టి పెట్టి, "నలిపి చూడు. ఇసక ఎక్కువా, బంక ఎక్కువా?" అన్నాడు. ఆమె నలిపింది. ఆమె ముఖంలో వచ్చిన ఆసక్తి చూసి మేడమ్ తృప్తిగా తిరిగి వచ్చింది.

మట్టి విభాగంలో తేడా మొదట ఎక్కడ కనిపించిందంటే, ల్యాబు అసిస్టెంటు రిటైరైతే ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. తర్వాత సూక్ష్మదర్శినులు బాగు చేయించాలని తీసుకుపోయారు, మళ్లీ తేలేదు. ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని ల్యాబు గోడలు కొలుస్తున్నారు. ఎందుకని అడిగితే ఒకడు రెండోవాడి ముఖం చూశాడు. రెండోవాడు టేపు చుట్టేసి, "మాకేం తెలుసమ్మా, కొలవమన్నారు," అన్నాడు.

ఆమె వైస్ ప్రిన్సిపల్ దగ్గరకు వెళ్లింది. ఆయన ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి. కూర్చోమని, టీ తెప్పించి, ఆమె అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబు చెప్పాడు.

"మీరు చేస్తున్న పని చాలా బాగుంది మేడమ్. మట్టి విభాగంలో ఇంతమంది ఎప్పుడూ లేరు. ఈసారి ఇంకొంతమందిని పంపండి."

"గోడలు కొలుస్తున్నారు సార్."

"మామూలు కొలతలే. టీ చల్లారిపోతోంది."

పొగడ్త విని సంతోషించాల్సింది. కానీ గది దాటాక ఆమెకు ఒకటి తట్టింది. ఇన్నేళ్లలో ఆయన ఏ విభాగానికీ ఇలా పిల్లల్ని పంపమని అడగలేదు.

ఇంట్లో ఆ సంగతి చెబితే అన్న, "నాకు ఒక తలుపే మూశారు. రెండోది కూడా మూస్తారని తెలిస్తే దాని దాకా నన్ను నడిపించినవాళ్లని క్షమించేవాణ్ణి కాదమ్మా," అన్నాడు.

"ఇంకా ఏమీ తెలియలేదన్నయ్యా."

"తెలుసుకో మరి."

కొన్నాళ్లకు సీట్ల ఫలితాలు వచ్చాయి. నిచ్చెనకు ఫిజియోథెరపీ రాలేదు. ఏడవలేదు. మేడమ్ గది గుమ్మంలో నిలబడి, "మట్టిలోనే చేరిపోయాను మేడమ్. నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు గానీ ఇప్పుడు పర్లేదు," అని చెప్పి వెళ్లిపోయింది.

కాలేజీ గుర్తింపు కోసం పరిశీలించే తనిఖీ బృందం వచ్చింది. మట్టి విభాగంలో బెంచీలన్నీ నిండుగా ఉన్నాయి. పెద్దలు చూశారు, తలలూపారు, వెళ్లిపోయారు. తర్వాతి వారం మేడమ్ వెనక గేటు వైపు నుంచి వస్తుంటే చెత్తకుప్ప దగ్గర గాజు సీసాలు పగిలి పడి ఉన్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో చోటి మట్టి. ఎర్రది, నల్లది, బూడిదరంగుది. అన్నీ కలిసిపోయి వానకు బురదై కాలువలోకి జారుతున్నాయి. చీటీల మీద ఉన్నది మట్టి మాస్టారి చేతిరాత.

ఆయన ల్యాబులో ఖాళీ అలమర ముందు కూర్చుని ఉన్నాడు.

"మూసేస్తున్నారు కదా మాస్టారూ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ ఏడాది ఆఖరున. తనిఖీ అయ్యేదాకా నిండుగా కనపడాలని నోరు మూసుకోమన్నారు."

"పిల్లలు?"

"జనరల్ సైన్సులో కలిపేస్తారట. మట్టి డిగ్రీ ఇవ్వరు."

"మీరు నాకైనా చెప్పాల్సింది."

"చెప్తే మీరు ఊరుకోరని తెలుసు," అన్నాడాయన.

వైస్ ప్రిన్సిపల్ ఈసారి టీ తెప్పించలేదు. "ఏడాది చివర మేమే చెప్తాం. ఇప్పుడు చెప్తే గొడవ అవుతుంది. మీకూ మంచిది కాదు," అన్నాడు అంతే మెల్లగా. గొడవ ఎవరికో ఆమెకు అర్థమైంది. పక్క పట్నంలో మరో కాలేజీ మట్టి విభాగం నడుపుతోంది. అక్కడికి మారాలంటే సగం ఏడాది దాటకముందే మారాలి. ఏడాది చివర చెప్పడమంటే ఆ దారి కూడా లేకుండా చేయడమే.

మర్నాడు పొద్దున ఆమె తాను పంపిన పిల్లలందరినీ తన గదికి పిలిచింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ అరవలేదు.

నిచ్చెన వెనక నుంచి మాట్లాడింది. "బెల్టు అన్నారు కదా మేడమ్. మీరు లాగి చూశారా?"

"లేదు. చూడాల్సింది."

"మా నాన్నకి ఏం చెప్పమంటారు?"

"నేనే వచ్చి చెప్తాను."

చెప్పిన మాట ప్రకారం వెళ్లింది. క్రేను డ్రైవరు నేల మీద వెల్లకిలా పడుకుని, నడుం కింద చుట్టిన గుడ్డ పెట్టుకుని ఉన్నాడు. లేవలేదు. అంతా విని, "మీరు మంచివాళ్లే. నా కూతురు మీ మాట విన్నది. ఇంకోసారి వినమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతున్నారు?" అన్నాడు. ఆమె పక్క పట్నం కాలేజీలో ఎవరితో మాట్లాడిందో, హాస్టల్లో చోటు ఉందో లేదో, మొదటి ఏడాది చదివినదాంట్లో ఎంత చెల్లుతుందో వివరంగా చెప్పింది. ఆయన పైకప్పు వైపు చూస్తూనే ఉన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటుంటే నిచ్చెన గడప దాకా వచ్చి, "నేను వెళ్తాను మేడమ్. మీ కోసం కాదు," అంది.

బదిలీ పత్రాల మీద సంతకం పెట్టే హక్కు సలహాదారుగా ఆమెకుంది. పైనుంచి ఆపమని మాట రాకముందే వచ్చినవాళ్లందరికీ పెట్టేసింది. దాదాపు సగంమంది పక్క పట్నం వెళ్లారు. కొందరు జనరల్ సైన్సులో ఉండిపోయారు. ఒక అబ్బాయి మాత్రం ఎటూ వెళ్లక చదువు మానేశాడు. ఆమె అతని ఇంటికి రెండుసార్లు వెళ్లినా తలుపు తీయలేదు. ఆ సంగతి ఆమె అన్నకు చెప్పలేదు. ఎలా తెలిసిందో గానీ, అన్న తానే ఆ ఇంటికి వెళ్లి వచ్చాడు. అబ్బాయి తనతో కాసేపు కూర్చున్నాడని మాత్రం అన్నాడు.

మట్టి మాస్టారు వీడ్కోలు సభ వద్దని వెళ్లిపోయాడు. రెండో మేడమ్‌ను సలహాల గది నుంచి తీసి లైబ్రరీకి వేశారు. ఆమె గదిలోకి మెల్లగా మాట్లాడే వైస్ ప్రిన్సిపల్ గారి మనిషి ఒకాయన వచ్చాడు. అయినా పిల్లలు అలమరల మధ్య నిలబడి ఆమెనే అడుగుతారు. ఆమె ఇప్పుడు వెంటనే ఏ పేరూ చెప్పదు. "రేపు రా, కనుక్కుని చెప్తాను," అంటుంది. ఆ విభాగానికి వెళ్లి ఎవరెవరు పాఠం చెబుతున్నారో, ఎవరు సెలవులో ఉన్నారో, తాళాలు ఏ గదులకు ఉన్నాయో చూసి వస్తుంది. కాలేజీలో తాళాలు ఎక్కువవుతున్నాయి.

పోయిన వారం నిచ్చెన ఫోన్ చేసింది. కొత్త కాలేజీకి వెళ్లాక అదే మొదటిసారి. పరీక్షలు బాగా రాసిందట, నాన్న హాస్టలుకు వచ్చి చూసి వెళ్లాడట. మాటలు అయిపోయాక కూడా ఫోన్ పెట్టలేదు.

"ఏంటమ్మా?"

"ఏం లేదు మేడమ్. మా ల్యాబు సార్ పది రోజుల నుంచి రావట్లేదు. అడిగితే ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. ముందు మీకే."

మేడమ్ సెలవు పెట్టి తెల్లవారే బస్సులో పక్క పట్నం వెళ్లింది. అన్న కూడా బయల్దేరాడు. కిటికీ పక్కన కూర్చుని, "ఈసారి మూయకముందే తెలుసుకుందాం," అన్నాడు.