అమ్మ కాలి కడియం

మృగశిర కార్తె ఇంకా పది రోజులుందనగా మా జత ఎద్దుల్లో ఒకదాన్ని అడవి అంచున పులి కొట్టింది. మేం అప్పుడు మద్దేడ్ దగ్గరి ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానమే. నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో.

ఒంటెద్దుతో దున్నలేం. ఇంకో ఎద్దును కొనాలంటే భోపాలపట్నం సాహుకారు దగ్గర ఏదో ఒకటి కుదువ పెట్టాలి. మా ఇంట్లో అలాంటివి రెండే ఉన్నాయి. అమ్మ కాళ్ళ వెండి కడియాలు, నాయనమ్మ మెడలోని వెండి కంటె. నాయన ఆ మాట ఎత్తలేక రెండు రోజులు పెరట్లో విరిగిన కాడిని చెక్కుతూ కూర్చున్నాడు. చివరికి అమ్మే అంది.

"నా కడియాలు తీస్కపో."

"ఏందే, నా మెడల కంటె లేదా?" అంది నాయనమ్మ. "ముసల్దానికి సొమ్ములెందుకు?"

"దాని జోలికి పోవద్దత్తా. అది మామ చేపిచ్చింది."

నేను పుట్టకముందే పోయిన తాత పేరెత్తేసరికి నాయనమ్మ చెయ్యి మెడలోని కంటె మీదికి పోయింది. ఆ అత్తాకోడళ్ళకు మామూలుగా పడేది కాదు. జావ పలచనైనా, దూడ విప్పుకున్నా మాటా మాటా పెరిగేది. అలాంటిది ఒకరి సొమ్ము పోకూడదని ఇంకొకరు పట్టుబట్టడం నేను అదే మొదటిసారి చూశాను.

కడియాలు పెళ్ళినాడు తొడిగినవి. అప్పటినుంచి తీసింది లేదు. అమ్మ పీట మీద కూర్చుని లాగింది, రాలేదు. సంతకు వచ్చే అవుసలాయనతో, అంటే కంసాలితో, తీయిద్దామన్నాడు నాయన.

"వాడు కోస్తడు. కోసిన కడియం సాహుకారు ముట్టడు," అని నాయనమ్మ ఇప్పనూనె గిన్నె తెచ్చుకుని అమ్మ కాళ్ళ దగ్గర చతికిలబడింది.

అమ్మ చటుక్కున కాళ్ళు ముడుచుకుంది. "వద్దత్తా! నువ్వు నా కాళ్ళు పట్టుకుంటే నాకు పాపం."

"పాపం గీపం నేను చూస్కుంట. కాలు చాపు."

అమ్మ సిగ్గుతో ముఖం పక్కకు తిప్పుకుని కాలు చాపింది. నాయనమ్మ గోరువెచ్చని నూనె పూసి, తడిగుడ్డ పీలిక పాదానికి బిగించి చుట్టి, కడియాన్ని కొద్దికొద్దిగా మడమ మీదికి జరిపేది. నొప్పి పుట్టినప్పుడు అమ్మ నా భుజం పట్టుకునేది. మూడు సాయంత్రాలు ఇదే పని. రెండోనాడు నాయనమ్మ తన పెళ్ళి సంగతి ఎత్తుకుంది. కడియాలు తొడిగేటప్పుడు తను ఏడ్చి అవుసలాయన చెయ్యి కొరికిందట. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం నాకెంత కొత్తగా తోచిందో, ఆ పని ఇంకా కొన్నాళ్ళు సాగితే బాగుండుననుకున్నాను.

మూడోనాడు ఎడమకాలిది ఊడివచ్చింది. కుడికాలిది రాలేదు. ఒకప్పుడు కల్లంలో జారిపడ్డప్పటినుంచి ఆ చీలమండ లావెక్కి ఉండేది.

మర్నాడు పొద్దున్నే నాయన ఒక్క కడియాన్నే మూట కట్టుకుని బయలుదేరాడు. నాయనమ్మ "సద్ది మర్చిపోయినవ్ రా" అంటూ బాట దాకా వెంట వెళ్ళింది. తిరిగొచ్చి మెడ చుట్టూ కొంగు కప్పుకుని చాట పట్టుకుంది. మధ్యాహ్నం ఉక్కకు కొంగు జారినప్పుడు అమ్మ చూసింది. కంటె ఉండేచోట చర్మం తెల్లగా, వలయంలా కనిపించింది.

"ఏంది అత్తా ఇది!"

"ఒంటి కడియానికి ఎద్దెవడిస్తడే? ఊకో."

అమ్మ చాట తన చేతిలోకి తీసుకుని గింజలు చెరుగుతూ చాలాసేపు ఏడ్చింది.

రెండు రోజులకు నాయన ఎర్రటి కోడెను తోలుకొచ్చాడు. "జోడీ కిధర్ హై?" అని సాహుకారు రెండోదాని కోసం అడిగి, కడియాన్ని తిప్పి తిప్పి చూసి పెదవి విరిచాడట. సద్దిమూట విప్పితే అడుగున కంటె ఉంది. రెండూ కుదువ పెడితే గానీ ఎద్దు డబ్బు రాలేదని నాయన చెప్పాడు.

ఆ ఏడాదంతా అమ్మ ఒంటి కడియంతోనే తిరిగింది. ఒక కాలు బరువు, ఒక కాలు తేలిక. మొదట్లో నడక తప్పేది. బావి దగ్గర ఆడవాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. పంట చేతికొచ్చాక ముందు నాయనమ్మ కంటె విడిపించాలని పట్టుబట్టింది. తన కడియం ఆ మరుసటేడు మిరపకాయ అమ్మాక గానీ రాలేదు.

సాహుకారు పెట్టెలో ఉండి ఉండి అది నల్లబడింది. కాలిమీదిది మట్టికీ నీళ్ళకూ అరిగి మెరుస్తోంది. రెండూ పక్కపక్కన పెడితే జత అంటే నమ్మబుద్ధి కాలేదు. నాయనమ్మ చింతపండు నానబెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"ఇటు తే," అంది, "నీకు తోమడం రాదు."