గొట్టంలో పొర

డయాలసిస్ మిషనుకు కలిపిన పావుగంటకు అక్కకు చలి మొదలయ్యేది. ముందు పళ్ళు కొట్టుకునేవి, తర్వాత మంచం కదిలేది. నేను రెండు దుప్పట్లు కప్పి, ఆమె మోకాళ్ళను ఎవరి కంటా పడకుండా అదిమి పట్టుకునేవాణ్ని.

అక్క పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని చేసేది. ఉద్దానంలో చాలామందికి పోయినట్టే ఆమెకూ కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు పలాసలోనే డయాలసిస్. బావ కొబ్బరితోట చూసుకునేవాడు, ఆసుపత్రికి నేను తీసుకువెళ్ళేవాణ్ని. రక్తం తీయడానికి వీలుగా రెండు చేతుల్లోనూ నరాలు కలిపి కుట్టారు. రెండూ మూసుకుపోయాయి. చివరికి మెడ కింద, ఛాతీలోంచి ఒక గొట్టం పెట్టారు. ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

జ్వరంతో వస్తే మిషను పెట్టకుండా పెద్ద ఆసుపత్రికి పంపుతారనీ, అక్కడ ముందు గొట్టం పీకుతారనీ మా షిఫ్టులో అందరికీ తెలుసు. అందుకే కొందరు ఇంటి దగ్గరే జ్వరం మాత్ర వేసుకుని బయలుదేరేవారు. గుమ్మం దగ్గర చూసే థర్మామీటరులో ఏమీ కనపడదు. అక్క కూడా అదే చేసింది. మాత్రలు కొన్నది నేను.

"సిస్టరుకి సెప్పకు. నీకేటి, నీ నోరు జారితే నాకు పైపుండదు," అనేది.

అలా రెండు వారాలు గడిచాయి. ఒక మంగళవారం వణుకు ఆగలేదు. సిస్టరు వచ్చి దుప్పటి తీసి చూసి మిషను ఆపింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈయాలే," అంది అక్క.

సిస్టరు నా వైపు చూసింది. నేను గోడ మీది బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను.

అంబులెన్సు టెక్కలి దాటేసరికి అక్క మాట తడబడుతోంది. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చి, రక్తం పరీక్షకు పంపారు. బావ బస్సులో వచ్చాడు. మూడో రోజు డాక్టరమ్మ మా ఇద్దరినీ పిలిచింది. రక్తంలో ఫంగస్ ఉందని చెప్పింది. ఈస్ట్ జాతిది, మామూలు మందుకు లొంగని రకమట. వేరే ఇంజెక్షను మొదలుపెడతామనీ, గొట్టం మాత్రం వెంటనే తీసేయాలనీ అంది.

"మందుంది గదమ్మా, మందెయ్యండి. పైపు ముట్టకండి," అన్నాడు బావ.

"మందు రక్తంలో తిరిగేవాటిని చంపుతుందండీ. గొట్టం లోపలి గోడకు అంటుకున్నవి పొరలా పేరుకుని, చుట్టూ జిగురు కట్టుకున్నాయి. అందులోకి మందు సరిగా దిగదు. ఇక్కడ చంపుతుంటే అక్కణ్ణించి కొత్తవి వస్తూనే ఉంటాయి."

బావ ఒక్కరోజు చూద్దామన్నాడు. ఆ సాయంత్రం జ్వరం తగ్గింది. "సూసినావా," అంటూ నాకు టీ తెచ్చి ఇచ్చాడు. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఇంకొక్క రోజన్నాడు. అలా నాలుగు రోజులు.

నేను వరండాలో కూర్చుని ఫోనులో ఆ పొర గురించి చదివాను. పొర అడుగున ఉన్నవి ఎదుగుదల తగ్గించుకుని ఉంటాయట. ఎదిగేవాటిని పట్టుకునే మందులకు అవి అంత సులభంగా దొరకవు. రెండు వారాలపాటు, తడవ తడవకూ, ఆమె రక్తం ఆ గొట్టంలోంచే వెళ్ళి మళ్ళీ ఒంట్లోకి వచ్చింది. నేను ఆమె మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. రెండు వారాలు జ్వరం దాచిన సంగతి డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బావ మళ్ళీ ఒప్పుకోనంటే అక్క కళ్ళు తెరిచింది.

"తోటలో డ్రిప్పు పైపుకి లోపల జిగురట్టీసినపుడు ఏటి సేసినావు?"

"యాసిడ్ పోసినాను."

"పోయినాదా?"

బావ తల అడ్డంగా ఊపాడు.

"కోసి పారీసినావు. నీకు పెళ్ళాం కావాలా, పైపు కావాలా? సంతకం ఎట్టు."

బావ నవ్వబోయి ముఖం తిప్పుకున్నాడు. వెళ్ళి సంతకం పెట్టి వచ్చాడు.

గొట్టం తీశారు. రెండు రోజులు మిషను లేదు, అందుకని నీళ్ళూ తాగనివ్వలేదు. తడి గుడ్డతో పెదాలు తుడిచేవాళ్ళం. మూడో రోజు తొడ దగ్గర తాత్కాలికంగా ఒక గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. జ్వరం దిగింది. గట్టెక్కామనుకున్నాం. అప్పుడు తీసిన స్కానులో, ఫంగస్ గుండె కవాటానికి కూడా పట్టిందని తెలిసింది. ఆపరేషనుకు తట్టుకోలేదన్నారు. ఆ వారంలోనే ఒక ఉదయం, పక్క దుప్పటి మారుస్తుండగా అక్క పోయింది.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ బావ ఒకే మాట అనేవాడు. "నానే ఆపీసినాను. మొదటి రోజే ఒప్పుకుంటే బతికుండీది." ఎవరో ఒకరు ఓదార్చేవారు. నేను కుర్చీలు వేస్తూ, తీస్తూ మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు అందరూ వెళ్ళాక అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"నువ్వాపింది నాలుగు రోజులే బావా. అంతకు ముందు రెండు వారాలు అక్క జ్వరం దాసింది. మాత్తర్లు నానే తెచ్చినాను."

బావ నా వైపు తిరిగాడు.

"మరి సెప్పలేదేటి?"

"అక్క సెప్పొద్దంది."

"అది ఏది సెప్పినా నువ్వు ఇన్నోడివి కాదు గదరా," అన్నాడు. "ఇదొక్కటే ఇన్నావేటి?"