పిల్లరెక్కిన రాక్షసుడు

కర్నూలు-కడప బస్సులో కండక్టరు ఓబుళేశుకు యాభై రెండేళ్లు. పాత బొమ్మల పుస్తకాలంటే పిచ్చి. రెక్కల గుర్రాలు, మూడు తలల పాములు, ఏనుగును చంకన పెట్టుకున్న రాక్షసులు ఉంటే చాలు. కథలు మాత్రం చదవడు. బొమ్మకు అక్షరాలు అడ్డమొస్తాయని ఆయన బాధ. కడపలో బస్సు ఆగిన అరగంటలో టీ మానుకుని పాతపేపర్ల అంగట్లో దూరతాడు. ఇంట్లో మూడు ఇనుప బీరువాలున్నాయి, ఒక్కదాంట్లోనూ బట్టల్లేవు. పుస్తకాలు చూస్తామని వచ్చినవాళ్లను ముందు చేతులు కడుక్కోమంటాడు. కడుక్కున్నాక చూపించడు.

వాటిలో ఒక్క పుస్తకం కోసం పద్దెనిమిదేళ్లు తిరిగాడు. దాని నడిమి పేజీలో ఒక నీలం రాక్షసుడు కొండను బుగ్గన పెట్టుకుని నవ్వుతుంటాడు. అది మైదుకూరులో దొరికిన రోజు, చాగలమర్రి దాకా ఒక్కరికీ టికెట్టు కొట్టలేదు.

మొన్న ఎండాకాలం, ఒక ఆదివారం పుస్తకం తెరిస్తే ఆ పేజీ లేదు.

"కృష్ణవేణీ! నా రాక్షసుడు యాడ?"

భార్య చింతపండు పిసుకుతూ తలెత్తలేదు. "మా తమ్ముడు ఇల్లు కడతాండాడు గదా. దిష్టిబొమ్మ కావాలన్న్యాడు, ఇచ్చినా."

"చించి ఇచ్చినావా?"

"పుస్తకమంతా ఇస్తే నువ్వు ఊరుకుంటావా? అంతమంది ఉండారు నీ బీరువాల్లో. ఒగడు పోతే ఏమయితాదంట?"

ఓబుళేశు షేర్ ఆటో పట్టుకుని కల్లూరు పోయాడు. బామ్మర్ది వీరభద్ర కడుతున్న ఇంటి ముందు పిల్లరుకు రాక్షసుడు వేలాడుతున్నాడు. నుదుట మేకు, ఎదురుగా ఎండ. ఒక చెంప అప్పుడే వెలిసిపోయింది. గృహప్రవేశానికి ఇంకా మూడు నెలలుంది. అప్పటికి మిగిలేది తెల్లకాగితమే.

"దించప్పా దాన్ని."

"ఇప్పుడు దించగూడదు బావా. అది కట్టినంక ఒక్క కూలోడూ జారి పడలేదు. శానా పవరుండాది దాంట్లో."

"ఇంకోటి తెస్తా."

"ఇంతకంటే భయంకరమైనోన్ని తే. మారుస్తా."

ఆ సాయంత్రం బ్లేడు పట్టుకుని బీరువాల ముందు కూర్చున్నాడు. ఏ రాక్షసుణ్ణి చూసినా సొంత అన్నదమ్ముణ్ణి కోసినట్టే అనిపించింది. చివరికి తనే గీద్దామనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న కళ్లకు తెలిసింది చేతికి తెలియదా అని ధీమా. చేతికి తెలియలేదు. కొమ్ములు అరటిపండ్లయ్యాయి, కళ్లు చెరోవైపు చూశాయి, కోరలు పళ్లపుల్లల్లా మిగిలాయి.

మరుసటి ఆదివారం దాన్ని విప్పి చూపిస్తే, మేస్త్రీ గాబ్రియేలు పరంజా పట్టుకుని మరీ నవ్వాడు. "ఏమప్పా ఓబుళేశూ, ఈడు రాక్షసుడా, పంటినొప్పితో పండుకున్న మీ డ్రైవరా?"

వీరభద్ర కూడా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత దాన్ని పిల్లరుకు ఆనించి చూసి, "ఇదే పెడదాం బావా. ఇల్లు జూసి కుళ్లుకునేటోడు దీన్ని జూసి నవ్వుకుంటా పోతాడు. నవ్వేటోని కంటికి దిష్టి యాడుంటాది?" అన్నాడు.

రాక్షసుడు నుదుట చిల్లుతో, సగం నీలంతో పుస్తకానికి తిరిగొచ్చాడు. మైదాపిండితో అతికిస్తూ ఓబుళేశు ఎవరికీ కనబడకుండా ఏడ్చాడు.

కల్లూరులో మాత్రం ఆటోలు ఆ ఇంటి ముందు నిదానంగా పోతున్నాయి. గీసిందెవరని అడిగితే వీరభద్ర బావ పేరు, బస్సు టైముతో సహా చెబుతున్నాడు. నాలుగు రోజులకే నంద్యాల దగ్గర ఎక్కిన తిమ్మయ్య అనే పెద్దమనిషి టికెట్టు తీసుకుంటూ ఓబుళేశు మొహంలోకి చూశాడు.

"కల్లూరు బొమ్మ గీసింది నువ్వే గదప్పా? మాకూ ఒగటి గీసియ్యి. మావోడు స్లాబు ఏస్తాండాడు."

బస్సంతా నవ్వింది. ఓబుళేశు విననట్టు వెనక సీట్ల దాకా పోయాడు. ఆళ్లగడ్డ దాటాక మెల్లగా తిరిగొచ్చి, తిమ్మయ్య సీటు పక్కన నిలబడ్డాడు.

"కొమ్ములెన్ని కావాల?"