మా ఆవిడ నడిపిన కారు

పోయిన వారం పొద్దున్నే కాఫీ తాగుతుండగా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మా ఆవిడ పేరు చివర గారు అని చేర్చి, మీ కారు ఇన్సూరెన్సు గడువు దగ్గరపడింది, వెంటనే కట్టి నిశ్చింతగా ప్రయాణించండి అని రాసి ఉంది. ఆవిడా లేదు, కారూ లేదు. ఆ రెండు సంగతులూ ఇన్సూరెన్సు వాళ్ళకు తెలుసు, కాగితాల మీద ముద్రలు వేసింది వాళ్ళే, అయినా ఎక్కడో ఒక యంత్రం చెవిన ఇంకా పడినట్టు లేదు. నాకు కోపం రాలేదు, దుఃఖమూ రాలేదు. కాఫీ చల్లారేదాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది. మా రోజుల్లో ఆత్మకూరులో కారు ఉండటమే గొప్ప, దాన్ని ఆడమనిషి నడపడమంటే ఇక చెప్పనక్కరలేదు. మా మామగారు మర్రిపాడు మనిషి, బద్వేలు దోవన లారీ నడిపేవాడు. బడి సెలవుల్లో కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవాడట, అందువల్ల ఆ పిల్లకు ఎక్కాలతో పాటే గేర్లు కూడా వచ్చేశాయి. తరువాత ఆమె నర్సు చదువు చదివి ఉదయగిరి ఆసుపత్రిలో చేరింది, నేను ఆత్మకూరు హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. చాలా ఏళ్ళు బస్సు కోసం రోడ్ల పక్కన నిలబడి నిలబడి, చివరికి ఒక పాత తెల్ల కారు కొన్నాం. కొన్నాం అనకూడదు నిజానికి. ఆమె కొన్నది, ఆమె పేరు మీద, ఆమె జీతంతో.

నాకూ నేర్పాలని ఆమె గట్టిగా పట్టుబట్టింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోయాక సోమశిల వైపు తీసుకుపోయి, డ్యాముకు ఇవతల ఖాళీ నేలలో స్టీరింగు నా చేతికిచ్చింది. నేను క్లచ్ వదిలినప్పుడల్లా కారు పొట్టేలులా ఎగిరి ఆగిపోయేది. అక్కడ వలలు ఆరబెట్టుకుంటున్న జాలర్లు కాసేపు చూసి, ఎందుకైనా మంచిదని వలలు చుట్టుకుని పక్కకు పోయారు. మా ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "మీరు పాఠాలు చెప్పుకోండి అయ్యవారూ, ఇది నాకొదిలేయండి" అంది. ఆనాటి నుంచి ఎడమ పక్క సీటు నాదైపోయింది.

ఆమె కారు నడుపుతుంటే చేజర్ల దారిలో నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములెత్తి చూసేవాళ్ళు, పిల్లలు వెంట పరిగెత్తేవాళ్ళు, టీ అంగడి ముందర కూర్చున్న వాళ్ళు, అయ్యవారిని నర్సమ్మ తోలకపోతా ఉండాది చూడండ్రా అని నాకు వినబడేటట్టే అనుకునేవాళ్ళు. మొదట్లో నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు పేపరు ఇంట్లోనే వదిలేసి, కిటికీ అద్దం దించి కూర్చోవడం అలవాటైంది.

పోయిన సంవత్సరం వానాకాలంలో ఒక ఆదివారం, చర్చి నుంచి ఆమే నడుపుకుంటూ వచ్చి, ఇంటి గోడ పక్కన కారు నిలిపి, అన్నం వండి, నాకు పెట్టి, తానూ తిని, ఎదలో ఏదో పట్టేసినట్టుందని పడుకుంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. మళ్ళీ లేవలేదు. జ్ఞాపకార్థ కూడిక జరిగింది, బంధువులు వచ్చి వెళ్ళారు. ఆమె నిలిపిన చోటి నుంచి కారును ఎవరూ కదపలేదు. మర్రిపాడులో సేద్యం చేసుకునే మా బామ్మర్ది మాత్రం, అప్పుడప్పుడూ స్టార్టు చేయకపోతే బ్యాటరీ పోతుంది బావా, నేను వస్తాలే అనేవాడు.

అతను వచ్చేలోపలే లారీ వచ్చింది. కంకర లారీని మా వీధి ఎగువన నిలిపి, చక్రాలకు రాళ్ళయినా పెట్టకుండా డ్రైవరు టీ తాగడానికి పోయాడట. అది దానంతటదే జారుకుంటూ వచ్చి మా కారును వెనక నుంచి గుద్ది, ముందున్న స్తంభానికేసి నొక్కేసింది. మధ్యాహ్నం అన్నం తింటున్న నేను ఎంగిలిచేత్తోనే బయటికి వచ్చాను. డ్రైవరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని అడిగి, కాలేదని తెలిశాక, లోపలికి పోయి ఆ మిగిలిన అన్నం తినేశాను. మా బామ్మర్ది ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నా ముఖంలోకి అదోలా చూస్తాడు.

ఇన్సూరెన్సు పనులన్నిటికీ అతనే నన్ను నెల్లూరు తిప్పాడు. ఆఫీసులో ఒక ఉద్యోగి, టాక్సు కోసం మిసెస్ పేరున పెట్టుకున్నారా సార్ అని మర్యాదగానే అడిగాడు. కాదు, కారు ఆమెదే అన్నాను. సంతకానికి ఆమెను తీసుకురమ్మన్నాడు. మా బామ్మర్ది మరణ ధ్రువపత్రం ముందుకు జరిపాడు. తేదీ చూశాక ఆ ఉద్యోగి ముఖం కాస్త తేటపడింది.

"మేడమ్ పోయి మూడు నెలలు దాటకముందే లారీ గుద్దింది సార్, అదృష్టం. దాటుంటే ఈ పాలసీ చెల్లేది కాదు."

ఆ మనిషి మంచికే చెప్పాడు. నేను అవునండీ అన్నాను. మా బామ్మర్ది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

దెబ్బతిన్న కారును ఆత్మకూరు షెడ్డుకు చేర్చాక, నష్టం అంచనా వేయడానికి సర్వేయరు వచ్చింది. చిన్న వయసు అమ్మాయి, తన కారు తానే నడుపుకుంటూ నెల్లూరు నుంచి ఒక్కతే వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందంతా టార్చి వేసి చూసి, ఫోటోలు తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"నడిపేది మీరేనా సార్?"

"కాదమ్మా. ఆమె నడిపేది. నాకు రాదు."

ఆ అమ్మాయి టార్చి ఆర్పి, "ఇంజను చాలా బాగా చూసుకున్నారు మేడమ్. కానీ చాసిస్ వంగిపోయింది సార్. రిపేరు ఖర్చు బండి విలువను దాటిపోతుంది. టోటల్ లాస్ అని రాయాల్సి వస్తుంది" అంది. నేను తలాడించాను. ఆ ఆదివారం డాక్టరు బయటికి వచ్చి చెప్పినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే తలాడించినట్టు గుర్తు.

ఇక మిగిలింది ఒక్కటే. బండి తుక్కును మనమే ఉంచుకుంటే వచ్చే డబ్బు తగ్గుతుంది, లేకపోతే పాత ఇనుము కొనేవాళ్ళు తీసుకుపోతారు. ఆ మాట విని, నాతోపాటు షెడ్డుకు వచ్చిన మా బామ్మర్ది వేపచెక్క బెంచీ మీద నుంచి లేచాడు.

"అక్క బండి బావా. ఇనప్ప సామాన్లోళ్ళకి ఇస్తావా? మా దొడ్లో పెట్టుకుంటాను. నువ్వు సంతకం పెట్టమాక."

"తీసకపోనీరా."

"నీకేమీ అనిపించలేదా?"

"లేదురా. నిజంగానే ఏమీ అనిపించలేదు."

అతను మంచినీళ్ళయినా తాగకుండా మోటారు సైకిలెక్కి మర్రిపాడు వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఫోను కూడా చేయలేదు. ఆవిడ పోయాక నాకు మిగిలిన దగ్గరివాడు అతనొక్కడే, అతన్నీ పోగొట్టుకున్నానేమో అనుకున్నాను. ఆ అనుకోవడం కూడా ఎవరి సంగతో అనుకున్నట్టే ఉండేది.

కారును తీసుకుపోయే రోజున షెడ్డుకు వెళితే, అతను నాకంటే ముందే వచ్చి దూరంగా నిలబడి ఉన్నాడు. వచ్చిన పనివాళ్ళలో ఇద్దరు వెనక నుంచి నెట్టడానికి నిలబడ్డారు, మూడోవాడు, పొడుగాటి మనిషి, స్టీరింగు పట్టుకోవడానికి లోపల కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టలేదు. మా ఆవిడ పొట్టిది, పెడల్ అందడానికి సీటు బాగా ముందుకు లాక్కుని కూర్చునేది; ఆమె పోయాక కూడా అది అలాగే ఉండిపోయింది. అతను కింద చెయ్యి పెట్టి మీట లాగాడు. టక్కుమని చప్పుడై సీటు వెనక్కి పోయింది.

వద్దు అనబోయాను. షెడ్డు బయట పడేసి ఉన్న లారీ టైరు మీద కూలబడ్డాను. ఆ సీటు మళ్ళీ ముందుకు జరపమని అడగాలనిపించింది. ఎప్పుడు వచ్చాడో మా బామ్మర్ది పక్కన కూర్చుని ఉన్నాడు.

"చూసినావా బావా?"

"చూసినాను."

కారును ఎక్కించుకుని వాళ్ళ లారీ నెల్లూరు రోడ్డు వైపు తిరిగేదాకా నా చెయ్యి అతని చేతిలోనే ఉంది.

ఇప్పుడు ఆమె పనిచేసిన ఉదయగిరికి అప్పుడప్పుడూ బస్సులో వెళ్ళి వస్తుంటాను. కొండ అలాగే ఉంది, రోడ్డే వెడల్పయింది. దారి పొడవునా ఆడపిల్లలు స్కూటర్ల మీద, టీచరమ్మలు కార్లలో ఎదురవుతుంటారు. చేలల్లో పనిచేసేవాళ్ళు తలెత్తి చూడరు, టీ అంగడి ముందర ఎవరూ ఒక్క మాట అనరు. అలా ఉండాలనే కదా ఆమె కోరుకున్నది, మంచిదే. కానీ ఆ రోజుల్లో నడుములెత్తి ఆమెను చూసిన వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇంకొన్నాళ్ళు పోతే, ఈ దారుల్లో ఆడమనిషి కారు నడపడం ఒక వింతగా ఉండిన కాలం ఉండేదని చెప్పినా నమ్మేవాళ్ళుండరు.